తుయ్ కట్టిన దారం

పట్టు పోగుల లెక్కలో లమాయ్ తప్పిందని చెప్పగలిగినవాళ్ళు మా ఊరు చొన్నబొట్‌లో లేరు. రంగులో ముంచేముందు పోగుల్ని కట్టలుగా తీసి, రంగు అంటకూడని చోటల్లా ముడి బిగించాలి. నలభై పోగులకొక ముడి, తర్వాత ఇరవైకొకటి, మళ్ళీ నలభైకి. ఎక్కడ తప్పినా మగ్గమెక్కాక బట్ట మీది నాగుపాము బొమ్మ తల ఒకవైపు, మెడ ఒకవైపు పోతాయి. అందరూ బొమ్మని కాగితం మీద గీసుకుని కడతారు. లమాయ్ ఏనాడూ గీసుకోలేదు. పన్నెండో ఏట తల్లి దగ్గర నేర్చుకున్న లెక్కలు యాభై రెండో ఏట కూడా ఆమె నోట్లోనే ఉన్నాయి.

అలాంటి మనిషి తొమ్మిది రోజులపాటు తప్పుడు లెక్క రాసింది. తెలిసే రాసింది.

ఆమె అబద్ధాలకోరు కాదు, మొహమాటస్తురాలు. మా ఈసాన్ వైపు అబద్ధంకన్నా మొహమాటమే ఎక్కువమంది ప్రాణం తీసింది. ఇంటికొచ్చినవాళ్ళకి ఎండ తగులుతుంటే చెప్పడానికి మొహమాటం, డాక్టరుకి నొప్పి చెప్పడానికి మొహమాటం. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టు బతుకుతాం. రెండింట్లో ఏది పోయినా మనల్ని మంచివాళ్ళనే అంటారు కదా అని మా ధీమా.

లమాయ్ రెండు కిడ్నీలూ చెడిపోయి అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ నీళ్ళ సంచుల మీదే గడిపింది. పొట్టలోకి పెట్టిన గొట్టంలోంచి సంచిలో నీళ్ళు లోపలికి పంపాలి, కొన్ని గంటలుంచి బయటికి తియ్యాలి. రోజుకి నాలుగుసార్లు. పోస్టు బండి నెలకోసారి వచ్చి అట్టపెట్టెలు దించిపోయేది. ఇంటి కింద, మగ్గం పక్కనే, చిన్న గది కట్టించుకుంది. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మూతికి గుడ్డ కట్టుకుని అందులో కూర్చునేది. లోపలికెంత పోయింది, బయటికెంత వచ్చింది, ప్రతిసారీ పుస్తకంలో రాసేది. మూడేళ్ళలో ఒక్క గడి ఖాళీగా లేదు, ఒక్క అంకె అబద్ధం కాదు.

మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఉన్నదల్లా చెల్లెలు తుయ్. తుయ్ అంటే మా వైపు బొద్దుపిల్ల, పేరుకి తగ్గట్టే ఉంటుంది. బాన్‌ఫాయ్ వెళ్ళే రోడ్డు మీద కాల్చిన కోళ్ళు అమ్ముతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, తుయ్ నోటికి భయపడే సగం ఊరు ఆమె దగ్గర బేరమాడకుండా కొనుక్కుపోతుంది. చెల్లెల్ని కిడ్నీ అడగడం లమాయ్ వల్ల కాలేదు. మూడేళ్ళూ అడగలేదు. చివరికి ఒక ఆదివారం తుయ్ తనే ఎత్తింది.

"అక్కా, నా రక్తం చూపించుకుని వచ్చాను. నీకు సరిపోతుందంట."

"ఎవరు చూపించుకోమన్నారే నిన్ను?"

"నువ్వడగవుగా. చచ్చి, శవానికి నిప్పు పెట్టేటప్పుడు లేచి అడుగుతావా? నా దగ్గర రెండున్నాయి. కోళ్ళు కాల్చడానికి ఒకటి చాలు."

"నీ ఒంటికేమన్నా అయితే?"

"నా ఒంట్లో సగం కొవ్వే. అందులో నానిన కిడ్నీ, నీ ఈనెపుల్ల ఒంటికి బలం పట్టేస్తుందిలే. నోర్మూసుకుని ఒప్పుకో."

లమాయ్ ఒప్పుకుంది. ఆ రాత్రి చెల్లెలికి తెలియకుండా ఏడ్చింది కూడా.

ఖోన్‌కేన్‌లో ఆపరేషన్ చేసే ఆసుపత్రిలో పిమ్ అనే డాక్టరమ్మ ఉండేది. నలభై నిండని మనిషి, దక్షిణాది పిల్ల. ఆమె లమాయ్‌ని కూర్చోబెట్టి కొత్త పద్ధతి ఒకటి చెప్పింది. దాన్ని లమాయ్ ఊళ్ళోవాళ్ళకి ఇలా చెప్పేది: "వీధిలోకి కొత్త మనిషొస్తే కుక్కలు మొరుగుతాయి చూడండి. నా ఒంట్లో కుక్కలు కూడా తుయ్ కిడ్నీని చూసి మొరుగుతాయంట, కరుస్తాయంట. కరిచిన చోట వాపొస్తుంది. అందుకని కుక్కలన్నింటినీ మత్తులో పడుకోబెట్టే మాత్ర జీవితాంతం మింగాలి. డాక్టరమ్మ ఏం చేస్తుందంటే, నా తుంటి ఎముకలోంచి గరిటెడు మూలుగ తీసి, అందులో ఒక రకం కణాలుంటాయంట, వాటిని పెంచుతుంది. పెంచి మళ్ళీ నాకే ఎక్కిస్తుంది. అవి ఇంట్లో పెద్దముత్తయిదువుల్లాంటివి. 'ఛ, మనవాళ్ళేరా' అని కుక్కల్ని కసురుతాయి. అప్పుడు మాత్ర తగ్గించొచ్చంట."

"అంటే రోగం తగ్గిపోతుందా?" అని ఎవరో అడిగారు.

"తెలీదంట. తెలీదని డాక్టరమ్మే చెప్పింది. తెలుసుకోడానికే ఎనిమిది మందికి చేస్తారంట. నేను ఐదోదాన్ని."

కణాలు పెంచే గది వేరే భవనంలో ఉంది. బయటివాళ్ళని రానివ్వరు. గాజు కిటికీ అవతల తెల్ల ముసుగులో వరన్యా అనే అమ్మాయి పనిచేసేది. ఒకరోజు ఆమె బయటికొచ్చినప్పుడు లమాయ్ పట్టుకుని అడిగింది.

"వాటికి తిండేం పెడతావమ్మా?"

"పోషకాలుండే నీళ్ళు, పెద్దమ్మా. మూడు రోజులకోసారి పాతవి తీసి కొత్తవి పోస్తాను."

"పట్టుపురుగులకి మేము ఆకు మార్చినట్టే. గదిలో ఘాటు వాసనలేమీ లేవుగా? పులిసిన చేప తిని లోపలికెళ్ళకమ్మా, పురుగైతే మేత మానేస్తుంది."

వరన్యా ముసుగులోపల నవ్వింది. "తినను పెద్దమ్మా."

"వాటి దగ్గర ఎవరూ పోట్లాడుకోరుగా?"

"మాట్లాడుకోడానికే మనుషులుండరు. నేనొక్కదాన్నే."

"అయ్యో పాపం. అయితే అప్పుడప్పుడు వాటితో ఒక మాట మాట్లాడు."

అక్టోబరు మొదట్లో ఆపరేషన్ అయింది. ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉండగానే కొత్త కిడ్నీ మూత్రం పోసిందని డాక్టర్లు చెప్పుకున్నారు. నవంబరులో వారం తేడాతో రెండుసార్లు, ఆమె కణాలు ఆమె చేతి నరంలోంచి వెనక్కి ఎక్కాయి. చూడ్డానికి బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి.

అప్పటిదాకా మింగిన మాత్రలు మాత్రం లమాయ్ చేతుల్ని పాడుచేశాయి. పన్నెండు గంటలకోసారి గడియారం చూసి మింగే మాత్రొకటి ఉంది, కుక్కల్ని పడుకోబెట్టే అసలు మాత్ర అదే. అది కడుపులో పడ్డప్పటి నుంచి వేళ్ళు వణకడం మొదలెట్టాయి. గ్లాసెత్తితే నీళ్ళు చిందేవి. ముడి కడదామని కూర్చుంటే పోగు చేతికి దొరికేది కాదు. నలభై ఏళ్ళు వాటంతటవే కదిలిన వేళ్ళు ఇప్పుడు పరాయివాళ్ళవిలా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు కిడ్నీ ఇచ్చాక చేతుల గురించి గునిస్తే ఏం బాగుంటుంది?

డిసెంబరులో ఆ మాత్ర తగ్గించేముందు తుయ్ పట్టుబట్టి ఖ్వాన్ పిలిపించింది. ఖ్వాన్ అంటే ఒంటిని కనిపెట్టుకుని ఉండే జీవం. మనిషి ఒంట్లో ముప్ఫై రెండు భాగాలకి ముప్ఫై రెండు ఖ్వాన్‌లుంటాయి. భయపడినా, కోత పడినా అవి బెదిరి ఎటో పోతాయి. పిలిచి, కూర్చోబెట్టి, మణికట్టుకి తెల్ల నూలు కట్టి నిలుపుకోవాలి. పిలవడానికి ఖమ్ తాత వచ్చాడు. ఆయన్ని ఊళ్ళో బ్రాహ్మణుడంటారు. పుట్టుకతో కాదు, ఈ పని చేస్తాడు కాబట్టి. మిగతా రోజుల్లో గేదెల్ని కాసుకుంటాడు. అరటాకు గోపురం చుట్టూ బంతిపూలూ ఉడికించిన గుడ్లూ పెట్టి, అందరూ చుట్టూ కూర్చున్నాక తాత గొంతు విప్పాడు.

"ఎముకలోంచి పోయిన ఖ్వాన్, రా. గాజు డబ్బాలో దారి తప్పావేమో, రా. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నావేమో, లేచి రా. తెల్లబట్టల పిల్ల బాగా చూసుకుందని అక్కడే ఉండిపోకు. ఇల్లు ఇక్కడుంది, అన్నం ఇక్కడుంది."

తర్వాత తుయ్ వైపు తిరిగాడు. "నువ్వు కూడా చెప్పాలే. నీ ఒంట్లోంచి పోయినదానికి నువ్వే చెప్పాలి. లేకపోతే అది రోజూ నీ వైపే చూస్తుంటుంది."

 తుయ్ అక్క పొట్ట వైపు చూసింది. "ఇదిగో," అంది మెల్లగా. "నలభై ఆరేళ్ళు నా దగ్గరున్నావు. నిన్ను తరిమేయలేదు, పంపించాను. ఇక అక్క దగ్గరే ఉండు. నా వెంట రాకు."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తుయ్ నూలుపోగు తీసి అక్క ఎడమ మణికట్టుకి కట్టింది. "నీ చేతికి గాజులైనా నిలవవు, ఇకనైనా వొళ్ళు చేస్తావులే" అంటూ చిటికెన వేలు పట్టేంత వదులుంచి మూడు ముళ్ళు వేసింది. మూడు రోజుల తర్వాత మిగతావాళ్ళు కట్టినవన్నీ లమాయ్ విప్పి చెట్టు కొమ్మకి వేలాడదీసింది. తుయ్ కట్టింది ఉంచుకుంది. ఆ దారాన్ని కోయకూడదు. దానంతటది పుచ్చి ఊడిపోవాలి, లేదా చేత్తో విప్పాలి.

మాత్ర సగానికి తగ్గింది. పది రోజుల్లో వేళ్ళ వణుకు పోయింది. ఆ పొద్దున లమాయ్ ఒక పోగుల కట్ట తీసి, ఊపిరి బిగబట్టి, మొదటి ముడి వేసింది. నిలిచింది. రెండోది వేసింది. మధ్యాహ్నందాకా లేవలేదు. బతికి ఉన్నానని అప్పుడే నమ్మింది.

ఇంటి దగ్గర రోజూ మూత్రం కొలిచి, బరువు చూసి పుస్తకంలో రాయాలి. పేజీని ఫోనులో ఫొటో తీసి డాక్టరు పిమ్‌కి పంపాలి. అంకె బాగుంటే అవతలి నుంచి గంతులేసే కుందేలు బొమ్మ వచ్చేది. ఆ కుందేలు కోసం లమాయ్ ఎదురుచూసేది. ఆసుపత్రి వరండాలో కలిసిన ప్రయూన్ అనే ఆరో మనిషి కూడా ఎదురుచూసేవాడు. జీపు బండి నడిపి బతికేవాడు. వణికే చేతులకి బండి ఎవరిస్తారు? లమాయ్ కనిపిస్తే చేతులు జోడించేవాడు. "నీ అడుగులో అడుగేస్తున్నా అక్కా. నీకు నెలరోజులు బాగుంటే నాకూ తగ్గిస్తానంది డాక్టరమ్మ. జనవరిలో మూడో సోమవారమంట. నువ్వు బాగుండాలి."

కొత్త సంవత్సరం సెలవుల్లో ఒకరోజు మూత్రం తక్కువొచ్చింది. లమాయ్ ఉన్నది ఉన్నట్టే రాసి పంపింది. కుందేలు రాలేదు, ఫోనే మోగింది. రెండేళ్ళ తర్వాత తల్లిని చూడ్డానికి డాక్టరు పిమ్ రైలెక్కి, దారిలో కోరాత్‌దాకా వెళ్ళి ఉంది. అక్కడే దిగిపోయి, బస్సు పట్టుకుని వెనక్కొచ్చింది. లమాయ్‌ని ఆసుపత్రికి పిలిపించి పరీక్షలన్నీ చేసింది. ఏమీ లేదు. ఆ రోజు చలికి నీళ్ళు తక్కువ తాగింది, అంతే.

"ఏం పర్వాలేదమ్మా, ఇంటికెళ్ళండి" అంది పిమ్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సంచి ఇంకా భుజాన్నే ఉంది. అందులోంచి తల్లికి కొన్న శాలువా అంచు కనిపిస్తోంది.

ఆ శాలువా అంచు లమాయ్‌ని ఇంటిదాకా వెంటాడింది. గ్లాసుడు నీళ్ళు తాగి ఉంటే ఒక తల్లి కూతుర్ని చూసుకునేది కదా అనుకుంది. ఇంకెప్పుడూ ఊరికే ఎవర్నీ కంగారు పెట్టకూడదనుకుంది.

జనవరిలో రెండో శనివారం మళ్ళీ తగ్గింది. ఈసారి నీళ్ళు బాగానే తాగింది. పొద్దున పాదం మీద వేలు నొక్కితే చిన్న గుంట పడి, మెల్లగా నిండింది. లమాయ్ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మగ్గం పక్కన నాగుపాము బొమ్మకి సగం ముళ్ళు కట్టిన పోగుల కట్ట ఉంది. రేపటికి సర్దుకుంటుంది, అనుకుంది. వెయ్యీ నాలుగువందల మిల్లీలీటర్లు వస్తే రెండువేలని రాసింది. కుందేలొచ్చింది.

మర్నాడు సర్దుకోలేదు. మూడో రోజూ లేదు. ఇప్పుడు నిజం రాస్తే నిన్నటిది అబద్ధమని తేలుతుంది. ఒక ముడి తప్పు పడితే దాని పక్కదాన్ని కూడా తప్పుగా కడితే గాని బొమ్మ కుదరదు. నేతగత్తె కాబట్టి ఆమెకది ఇంకా బాగా తెలుసు. మొహమాటమొక్కటే అయితే ఒప్పుకునేదేమో. చేతులున్నాయి మధ్యలో. నిజం చెబితే మాత్ర మళ్ళీ పెరుగుతుంది, వేళ్ళు మళ్ళీ పోతాయి. డాక్టరమ్మ కోసమనీ ప్రయూన్ కోసమనీ తనకి తాను చెప్పుకుంది గానీ, తన వేళ్ళ కోసం కూడా దాచింది. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

తొమ్మిదో రోజు ఆదివారం తుయ్ వచ్చింది. చలిగా ఉంది. లమాయ్ పొడుగు చేతుల ఉన్ని చొక్కా వేసుకుని మగ్గం దగ్గర కూర్చుని ఉంది. తుయ్ ఉప్పులేకుండా ఉడికించిన కోడీ, వెదురుబుట్టలో జిగురన్నం చాప మీద పెట్టింది.

"మొహమేంటి, నిండుగా ఉంది?"

"వొళ్ళు చేశాను."

"నా కిడ్నీ మహత్యం. చెప్పలా? కొవ్వులో నానిందని." తుయ్ ఒక ముద్ద నోట్లో వేసుకుని అన్నంబుట్ట ముందుకు తోసింది.

లమాయ్ ఎడమచెయ్యి చాపింది. చొక్కా చెయ్యి వెనక్కి జరిగింది. తుయ్ నమిలేది ఆపేసింది.

చిటికెన వేలు పట్టేంత వదులుగా తను కట్టిన దారం అక్క మణికట్టులోకి దిగిపోయి ఉంది. రెండువైపులా చర్మం ఉబ్బి, మధ్యలో నూలుపోగు కనపడీ కనపడనట్టు ఎర్రటి గాడిలో ఉంది.

"ఏంటిది?"

లమాయ్ చెయ్యి లాక్కోబోయింది. తుయ్ వదల్లేదు. వేలితో నొక్కింది. గుంట పడింది. వంగి పాదాల మేజోళ్ళు లాగేసింది. అక్కడా గుంటే.

"ఎన్నాళ్ళ నించి?"

"మొన్నమొన్ననే..."

"అక్కా."

"తొమ్మిది రోజులు."

తుయ్ లేచి గోడకి వేలాడుతున్న పుస్తకం తీసింది. రెండువేలు, రెండువేల వంద, పంతొమ్మిదివందల యాభై. చక్కగా, గుండ్రంగా ఉన్నాయి అంకెలు. పుస్తకం చాప మీద పడేసింది. అరుస్తుందనుకుంది లమాయ్. అరవలేదు. వచ్చి ఎదురుగా కూర్చుని, అక్క చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోళ్ళతో ముడి వెతకడం మొదలెట్టింది.

"కత్తెర పెట్టకే" అంది లమాయ్ చిన్నగా.

"పెట్టన్లే. ఆ బుద్ధి నాకుంది. నీకే లేదు." గోరు ముడిలోకి దూరడంలేదు. "డాక్టరమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ పోయినసారి రైలు దిగి వచ్చేసిందే. వాళ్ళమ్మని చూడకుండా..."

"మొహమాటానికి పోతే కడుపయ్యిందంట వెనకటికి ఒకదానికి. అదైనా నయం, తొమ్మిది నెలలకి బిడ్డ పుడుతుంది. నువ్వు తొమ్మిది రోజులు మోసి ఏం కందామనుకున్నావు?" ఆమె గోళ్ళు ముడి మీదే ఉన్నాయి. "అది నాది కూడానే. నీకిచ్చాను కదాని నాది కాకుండా పోతుందా? రోజూ కోళ్ళు తిప్పుతూ దాన్ని తలుచుకుంటాను. అక్క దగ్గర బాగుందిలే అనుకుంటాను. అది లోపల మాడిపోతుంటే నువ్వు పూలరంగడిలా అంకెలేసుకుంటూ కూర్చున్నావా?"

లమాయ్ తల ఎత్తలేకపోయింది. "చేతులు పోతాయని కూడా తుయ్," అంది. "మళ్ళీ వణుకుతాయని."

తుయ్ ముడి మీదికి వంగింది. పళ్ళతో పట్టి లాగితే మొదటి ముడి కదిలింది. మూడు ముళ్ళూ విప్పడానికి అరగంట పట్టింది. దారం బయటికొచ్చాక కూడా గాడి అలాగే ఉండిపోయింది. తుయ్ ఆ దారాన్ని తన చేతికి చుట్టుకుంది.

"రేపు సోమవారం కదూ? ఆ బండాయనకి తగ్గించేది రేపే కదూ?"

అప్పుడు గుర్తొచ్చింది లమాయ్‌కి. తొమ్మిది రోజులూ అతని ఆశ గురించే ఆలోచించింది, అతని కిడ్నీ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తన అబద్ధం తన ఒంట్లోనే ఉండిపోతుందనుకుంది. రేపు పొద్దున అతను చేతులు జోడించి ఆ అబద్ధాన్నే మింగుతాడు.

"ఫోన్ చెయ్యి," అంది. "ఇప్పుడే చెయ్యి. కాదు, ఇలా ఇవ్వు. నేనే చెప్తాను."

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. డాక్టరు పిమ్ చివరిదాకా విన్నది. నర్సుని పిలిచి, "ప్రయూన్ గారికి రేపు మందు తగ్గించట్లేదని చెప్పండి, పాత లెక్కే" అని మాత్రం అంది. సూదితో కిడ్నీ ముక్క తీసి చూశారు. లోపలంతా వాపు. కుక్కలు లేచాయి. మూడు రోజులు పెద్ద మందు నరంలోకి ఎక్కించారు, పన్నెండు గంటల మాత్ర మళ్ళీ పూర్తిగా మొదలెట్టారు. నాలుగో రోజుకి మూత్రం పెరిగింది. కిడ్నీ నిలిచింది గానీ, మునుపటంత కాదు. మూడో వంతు పోయిందనుకోమన్నారు. వెంటనే వచ్చి ఉంటే ఎంత మిగిలేదో తెలీదని డాక్టరు పిమ్ అంది. ఊరడించడానికి అబద్ధం చెప్పలేదు, అదే ఆమె గొప్పతనం.

వరండాలో ప్రయూన్ కనిపించాడు. ఈసారి చేతులు జోడించలేదు.  "నాకూ అలాగే అయ్యేదేమో అక్కా," అన్నాడు. "కాకపోయేదేమో కూడా. ఇక తెలీదుగా." అంతే అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని లమాయ్‌కి అనిపించింది.

ఐదో రోజు పొద్దున డాక్టరు పిమ్ ఆ పుస్తకం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. తుయ్ పక్కనే కమలాపండు ఒలుస్తోంది.

"లమాయమ్మా, ఈ తొమ్మిది రోజులూ కొట్టెయ్యాలి. కొట్టేస్తే మీ కణాలు ఎన్నాళ్ళు కాపాడాయో, ఏ రోజు చేతులెత్తేశాయో ఎప్పటికీ తెలీదు. తర్వాతి మనిషికి ఎప్పుడు జాగ్రత్తపడాలో నాకు తెలీదు."

"తప్పు నాది. క్షమించండి డాక్టరమ్మా. మీకు మళ్ళీ కష్టం..."

"నా కష్టం గురించి మాట్లాడకండి." మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. "ఆ రోజు కోరాత్ నించి వచ్చి, మీకేమీ లేదని తెలిశాక, నా గదిలోకెళ్ళి ఏడ్చాను. విసుగుతో కాదమ్మా. బతికిపోయాం అని. ఆ మాట మీకు చెప్పాల్సింది. డాక్టరు ఏడిస్తే ఏం బాగుంటుందని చెప్పలేదు."

మొహమాటం ఒక్క లమాయ్ సొత్తే కాదు.

లమాయ్ కళ్ళు మూసుకుంది. "అంకెలు కొట్టెయ్యకండి. రాసుకోండి. అసలువి."

"మీరెక్కడన్నా రాసుకున్నారా?"

"లేదు. రోజూ కొలిచాను. ఏ రోజెంతో నాకు తెలుసు."

డాక్టరు పిమ్ పెన్ను అందించింది. లమాయ్ అందుకుంది. మాత్ర మళ్ళీ పనిచేస్తోంది. కాగితం మీద పెట్టిన పెన్ను అడ్డదిడ్డంగా గీతలు గీసింది. ఇంకోసారి ప్రయత్నించింది. తుయ్ కమలాపండు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, పెన్ను తీసుకుంది.

"చెప్పు. నేను రాస్తాను."

"శనివారం, వెయ్యీ నాలుగువందలు."

తుయ్ గుండ్రటి రెండువేలని అడ్డంగా కొట్టి, పైన రాసింది. కోళ్ళ బేరం తప్ప ఇంకేమీ రాయని చెయ్యి, అంకెలు లావుగా, ఒత్తుగా పడ్డాయి.

"ఆదివారం, పదమూడువందల యాభై. ఆ రోజు నువ్వొచ్చావు, చేప తెచ్చావు. సోమవారం, వెయ్యీ రెండువందలు. మంగళవారం పదకొండువందల ఎనభై. బుధవారం వెయ్యి." ముడి ముడికీ పోగులు చెప్పుకున్నట్టే, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది. బరువులు కూడా చెప్పింది. గురువారం, శుక్రవారం, శనివారం అయ్యాయి. తుయ్ ఒక్కొక్కటే కొట్టేస్తూ, రాస్తూ వచ్చింది. తన ఒంట్లోంచి పంపించింది రోజుకింత చొప్పున తగ్గిపోవడం తన చేత్తోనే రాసింది. కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా మొహం పక్కకి పెట్టుకుంది.

"తొమ్మిదో రోజు?" అడిగింది.

లమాయ్ నోరు మొదటిసారి ఆగింది.

"చెప్పక్కా. నేనొచ్చిన రోజు. వొళ్ళు చేశానన్నావు చూడు, ఆ రోజు."

"ఐదువందలు" అంది లమాయ్.

తుయ్ రాసింది. పెన్ను మూత పెట్టి పుస్తకాన్ని డాక్టరు పిమ్‌కిచ్చింది. పిమ్ పేజీ చూస్తున్నంతసేపూ, కుందేలొస్తుందా రాదా అని లమాయ్ ఆమె మొహం వైపు చూడలేదు. తుయ్ తన చేతికి చుట్టుకున్న పాత దారం విప్పి, అక్క వణికే చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, ఈసారి వదులు లేకుండా, సరిగ్గా మణికట్టుకి ఆనేలా కట్టింది.

"చిన్న వాపొచ్చినా నొక్కుతుంది," అంది. "నొక్కితే నాకు చెప్పు."

"చెప్తాను" అంది లమాయ్.